మా అన్నకు ఎనిమిదిమంది చెల్లెళ్లు

మా అన్న పెళ్లిని నేను చెడగొట్టబోయిన వైనం చెబుతాను. చెడగొట్టడం అంటే మీరు అనుకునే ఉపాయాలేవీ పన్నలేదు. ఆకాశరామన్న ఉత్తరం రాయలేదు, పెళ్లికూతురి వాళ్ల దగ్గర నోరు జారలేదు. ఒక వెబ్‌సైట్‌లో ఒక చిన్న మాట రాయడం మర్చిపోయాను, అంతే. రెండక్షరాల మాట. అది లేకపోవడం వల్ల మా అమ్మకు, ఆమెకే తెలియకుండా, ఆడపిల్లలు పుట్టుకుంటూ పోయారు.

కంగారు పడకండి. అమ్మ ఆరోగ్యంగానే ఉంది.

అప్పుడు మేం సెంటినరీ కాలనీలో ఉండేవాళ్లం. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక ఒక జామచెట్టు ఉన్న కంపెనీ క్వార్టరు. బాపుది, అంటే మా నాన్నది, బొగ్గుగని దగ్గర గేటు డ్యూటీ. అన్న సామేలు అదే గనిలో ఫిట్టరు. నేను హైదరాబాదులో వెబ్‌సైట్లు చేసే చిన్న ఆఫీసులో చేరి ఇంకా ఏడాది కాలేదు. తెలంగాణ వస్తది, రాదు అని టీ కొట్ల దగ్గర పందేలు కాసుకుంటున్న రోజులవి. బంద్‌లూ సెలవులూ కలిసొచ్చి కొన్నాళ్లు ఇంట్లో కూర్చున్నాను. ఉద్యోగం కొత్త, గర్వం ఎక్కువ, చేతిలో పని లేదు. అలాంటి మనిషికి ఎవరూ పని చెప్పకూడదు. మా సంఘం పాస్టరుగారు చెప్పారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద నన్ను ఆపారు.

"షీబమ్మా, నువ్వు కంప్యూటర్ సదువుకున్న పిల్లవు గదా. మన సంఘపోళ్ల పెండ్లి సంబంధాలన్ని నా నోటిమీదనే నడుస్తున్నయి. ఒకరి పిలగాన్ని ఇంకొకరికి చెప్పి మొన్న తిట్లు తిన్న. గిదేదన్న ఇంటర్నెట్ల పెట్టరాదు?"

"గదెంత పని అయ్యగారూ, వారం రోజులల్ల చేసిస్త."

"ఖర్చేమన్న అయితదా?"

"మీ ప్రార్థన చాలు."

ఇప్పుడు తలుచుకుంటే, ఆ మాట అన్నందుకైనా ఆయన నాకోసం గట్టిగా ప్రార్థన చేసి ఉండాల్సింది.

వెబ్‌సైట్ సంగతి మీకు రెండు ముక్కల్లో చెప్పాలి. బాపు పని తెలిస్తే నా పని సగం తెలిసినట్టే. గనిలోకి దిగే ప్రతి మనిషి జేబులూ బాపు తడిమి చూస్తాడు. టిఫిను డబ్బా పోనిస్తాడు, నీళ్ల సీసా పోనిస్తాడు. బీడీలూ అగ్గిపెట్టే కనబడితే తీసి పక్కన పడేస్తాడు. లోపల గ్యాసు ఉంటుంది మరి. వెబ్‌సైట్‌కీ అలాంటి గేటు ఒకటుంటుంది, దాన్ని కంట్రోలర్ అంటారు. జనం నింపి పంపిన వివరాల్లో ఏవేవి లోపలికి పోవచ్చో మనం ముందే అక్కడ రాసిపెట్టాలి. దానికి పర్మిట్ చెయ్యడం అని పేరు. అప్పటికి అది కొత్త పద్ధతి. రాసినవి లోపలికి పోతాయి, రాయనివి గేటు దగ్గరే రాలిపోతాయి. బాపుకూ కంట్రోలర్‌కూ ఒకటే తేడా. బాపు ఒక బీడీ పట్టుకుంటే షిఫ్టు అయ్యేదాకా తిడతాడు. కంట్రోలర్ మాత్రం పారేయాల్సింది చప్పుడు కాకుండా పారేసి, 'వివరాలు సేవ్ అయ్యాయి' అని పచ్చ అక్షరాల్లో నవ్వుతుంది.

ఇక మన సంబంధాల్లో పిల్లవాడి వివరాలు ఒక్కటే సరిపోతాయా? తోబుట్టువులెందరు, వాళ్ల వయసెంత, పెళ్లిళ్లయ్యాయా అని అడగనిదే ఎవరూ టీ కూడా తాగరు. కాబట్టి పెళ్లికొడుకు ఫారం లోపల తోబుట్టువుల కోసం ఇంకో చిన్న ఫారం పెట్టాను. ఆ లోపలి ఫారానికి నేను ఇచ్చిన పర్మిట్ ఇది: పేరు, వయసు, పెళ్లి సంగతి. మర్చిపోయింది ఐడీ. అంటే మనిషి నంబరు.

నంబరు ఎందుకంటారా? గనిలో పనిచేసే ప్రతి మనిషికీ నంబరు వేసిన బిళ్ల ఉంటుంది. అది చూపిస్తే, ఓహో నిన్నటి మల్లయ్యే కదా అని తెలుస్తుంది. నా గేటు దగ్గర ఆ నంబరు లోపలికి పోకుండా నేనే అడ్డం పడ్డాను. దాంతో ఎవరైనా తమ వివరాల్లో చిన్న దిద్దుబాటు చేసి సేవ్ కొట్టగానే, అప్పటికే లోపల ఉన్న తోబుట్టువులు మళ్లీ కొత్త మనుషులుగా నమోదైపోతారు. ఒకరుంటే ఇద్దరు. ఇద్దరుంటే నలుగురు. కుందేళ్లకైనా కొంచెం వ్యవధి కావాలి, నా వెబ్‌సైట్‌కు అదీ అక్కర్లేదు.

ఇంత జరుగుతుంటే నాకెందుకు కనబడలేదు? ఎందుకంటే, జనం కిందిదాకా జరుపుకుంటూ పోయే శ్రమ తప్పించాలని, సేవ్ బటన్ పేజీలో పైనే పెట్టాను. తోబుట్టువులు అడుగున ఉంటారు. నేను పైనే దిద్ది, పైనే నొక్కి, పైనే మురిసిపోయాను.

సైట్‌లో మొట్టమొదట ఎక్కిన పెళ్లికొడుకు మా అన్నే. తోబుట్టువులు: షీబా, ఇరవై మూడేళ్లు, పెళ్లి కాలేదు. అంతవరకు దేవుని దయవల్ల అంతా సత్యమే. మర్నాడు అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"అన్న ఎత్తు ఎంత పెట్టినవ్?"

"ఐదడుగుల ఐదంగుళాలు."

"బూట్లేసుకుంటె ఆరుంటడు. ఆరు పెట్టు."

ఆరు పెట్టి సేవ్ చేశాను. మాకు తెలియకుండా రెండో షీబా పుట్టింది.

ఆ మర్నాడు మళ్లీ వచ్చింది. "రంగు ఏం పెట్టినవ్?"

"ఛామనఛాయ."

"గోధుమ రంగు అని పెట్టు."

బాపు పేపరు పక్కన పెట్టి అందుకున్నాడు. "సంఘం సైట్ల అబద్ధాలు రాపిస్తవా? దేవునికి భయపడవా?"

"అబద్ధమెక్కడిది? డ్యూటీకెళ్లి రాంగనే సూస్తె ఎవరైన బొగ్గు తీరుగనే ఉంటరు. తానం చేసినంక సూడు, నా కొడుకు గోధుమ రంగే."

సేవ్. నలుగురు షీబాలు. ఆ తర్వాత అమ్మకు ఫోటో నచ్చలేదు. మీసం తక్కువైందట. మీసం పెంచిన ఫోటో దొరకబట్టి అది పెట్టాం. సేవ్. ఇంతటితో ఎనిమిదిమందిమి అయ్యాం. కొడుకు మీద తల్లికి ఉండే మురిపెం ఏ మాత్రం ఎక్కువైనా, మేము కాలనీకి సరిపడా అయ్యేవాళ్లం.

ఇంతలో బెల్లంపల్లి నుంచి ఫోనొచ్చింది. రూతు వాళ్లు సైట్‌లో అన్న వివరాలు చూశారట. ఈ రూతు సంగతి మీకు చెప్పలేదు. బెల్లంపల్లిలో చిన్నపిల్లల బడి టీచరు. అక్కడి చర్చిలో యువజన కూటాలకు వెళ్లినప్పుడు అన్న ఆమెను చూశాడు. చూసినప్పటి నుంచి ఆ చర్చి మైకు రిపేరుకని వరసగా ఆదివారాలు అక్కడికే పోతున్నాడు. మైకు నిక్షేపంగా ఉండేది. విప్పేవాడు, తుడిచేవాడు, మళ్లీ బిగించేవాడు. ఆమెతో మాత్రం 'వందనాలు' తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

ఫోనొచ్చిన రోజు జామచెట్టు కింద నన్ను పట్టుకున్నాడు.

"షీబా, గీ సంబంధం తప్పిపోతె నాకు ఇంకోటి సూడొద్దని అయ్యగారికి చెప్పు. నా పేరు తీసెయ్యి."

"ఎందుకు తప్పుతదన్నా? సైట్ చేసింది ఎవరనుకున్నవ్?"

"గదే నా ఫికర్," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, అన్న చేతులు జామాకులను తెంపి ముక్కలు చేస్తూనే ఉన్నాయి. గనిలో పెద్ద పెద్ద యంత్రాలు విప్పే చేతులవి.

శనివారం వాళ్లు వచ్చారు. రూతును చిన్నప్పటి నుంచి పెంచిన అవ్వ, ఆమె కొడుకు. రూతుకు మేనమామ అయిన ఆయనకు బెల్లంపల్లిలో గాజుల దుకాణం ఉంది. చంకలో పెద్ద అట్టపెట్టె పెట్టుకుని వచ్చాడు. అవ్వ గడప దాటకుండా కిందికి వంగి ఏదో చూసింది.

"సెప్పులు నాలుగు జతలే ఉన్నయేందిరా?" అని కొడుకుతో గుసగుసగా అనడం మాకు వినబడింది.

లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాక ఆమె చూపు మా మొహాల మీద లేదు. రెండో గది పరదా మీద ఉంది. అన్న ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుని ఎదురుగా కూర్చుంటే అతన్నీ చూడలేదు. పరదా గాలికి కదిలినప్పుడల్లా మెడ చాస్తోంది.

"అందర్ని పిలువుండ్రి బిడ్డా, సూసి పోత," అంది అమ్మతో.

"అందరం ఈడనే ఉన్నం గదవ్వా."

"గింతేనా?"

"గింతే."

అవ్వ మామ వైపు చూసింది. మామ అట్టపెట్టె వైపు చూశాడు. నేను మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. అవ్వ గ్లాసు అందుకుని నా చెయ్యి వదల్లేదు.

"నీ పేరేంది బిడ్డా?"

"షీబా, అవ్వా."

"నువ్వు ఎన్నో షీబావు?"

ఇదేం ప్రశ్నో నాకు అర్థం కాలేదు. "ఒక్కటే షీబానవ్వా," అన్నాను.

"ఒకటో షీబావా! అంటె పెద్దదానివన్నట్టు. మరి కడమ ఏడుగురేరి?"

మామ గొంతు సవరించుకున్నాడు. మర్యాదస్తుడు పాపం.

"వదినా, మీరేమనుకోవద్దు. సైట్ల సూసినం. పిలగానికి ఎనిమిదిమంది సెల్లెండ్లున్నరు. అందరి పేరు షీబానే. అందరికి ఇరవై మూడేండ్లే. ఒక్కదానికి పెండ్లి కాలే."

అవ్వ అమ్మ చేతులు రెండూ పట్టుకుంది. "ఒక్క కాన్పేనా బిడ్డా?"

అమ్మ చేతులు విడిపించుకుంది.

"ఎనిమిదిమందిని ఒక్కపారి కన్నవంటె మాటలు గాదు. గంతమందిని కని గింత సన్నగ ఎట్లున్నవ్?"

అంత గందరగోళంలోనూ, సన్నగా ఉన్నావనగానే అమ్మ కొంగు సర్దుకుంది. నేను చూశాను. బాపు మాత్రం లేచి నిలబడ్డాడు.

"నా ఇంట్ల ఎనిమిదిమంది ఆడపిల్లలుంటె నాకు తెల్వదా? రెండు రూముల క్వార్టరిది! యాడ పండుకోబెడుత?"

"మేం గూడ గదే అనుకుంట వచ్చినం," అన్నాడు మామ. "పేర్లు సుత ఒక్కటే పెట్టిన్రు, పిలిస్తె ఎవరు పలుకుతరని బస్సుల మొత్తం గిదే ముచ్చట."

లోపలికి పరుగెత్తి లాప్‌టాప్ తెచ్చాను. ఇంటర్నెట్ డాంగిల్ పెట్టి, పేజీ తెరుచుకునేదాకా కూర్చున్నాను. అమ్మ తప్పించుకోవడానికి టీ పెడతానని వంటింట్లోకి వెళ్లింది. పేజీ మెల్లగా కిందికి దిగింది. షీబా. షీబా. షీబా. స్కూలు ప్రార్థనకు నిలబెట్టినట్టు ఎనిమిదిమందిమి ఒకరి కింద ఒకరం ఉన్నాం.

అన్న నా భుజం మీంచి చూశాడు. వెళ్లి మళ్లీ తన కుర్చీలో కూర్చున్నాడు.

"అవ్వా, ఇది కంప్యూటర్ తప్పు," అన్నాను. నా తప్పు అనడానికి ఇంకా నోరు రాలేదు. "ఇగో, మీ ముంగటనే తీసేస్త. ఒక్క నిమిషం."

ప్రతి పేరు పక్కనా 'తొలగించు' అని చిన్న డబ్బా ఉంటుంది. ఏడుగురి పక్కనా టిక్కులు పెట్టాను. అవ్వ కళ్లద్దాలు సవరించుకుని దగ్గరికి జరిగింది. మామ నిలబడ్డాడు. బాపు చేతులు కట్టుకున్నాడు. సేవ్ నొక్కాను.

పాఠకుల్లో ఈ పనిలో ఉన్నవాళ్లెవరైనా ఉంటే ఈపాటికి తలలు పట్టుకుని ఉంటారు. తొలగించమనే మాటకు కూడా పర్మిట్ ఇవ్వాలి. నేను ఇవ్వలేదు. ఆ టిక్కులు గేటు దగ్గరే రాలిపోయాయి. మిగిలింది ఎనిమిదిమంది నంబరు లేని షీబాలు. వాళ్లంతా కొత్త మనుషులుగా దర్జాగా లోపలికి నడిచిపోయారు.

'వివరాలు సేవ్ అయ్యాయి' అని పచ్చ అక్షరాలు నవ్వాయి.

మామ వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పది దాటాక మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. "అవ్వా... పదహారు."

సరిగ్గా అప్పుడే అమ్మ టీ కప్పుల పళ్లెంతో వంటింట్లోంచి బయటికొచ్చింది. అవ్వ స్క్రీను చూసింది. అమ్మను చూసింది. మళ్లీ స్క్రీను చూసింది.

"వారీ! చాయ పెట్టొచ్చేలోపట్నే ఇంకో ఎనిమిదిమందిని కన్నదిరో ఈమె!"

అని నవ్వడం మొదలుపెట్టింది. ఎలా నవ్విందంటే, కళ్లద్దాలు ఒళ్లో పడ్డాయి. మామ నవ్వాడు, బాపు నవ్వాడు. అమ్మకు విషయం తెలియకపోయినా పళ్లెం వణికేలా నవ్వింది. ఎన్ని మాటలు చెప్పినా నమ్మేవాళ్లో లేదో గానీ, కళ్లముందే ఎనిమిదిమంది పుట్టేసరికి ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు. నా తప్పును నా తప్పే ఒప్పించింది.

నవ్వనిది అన్న ఒక్కడే. లేచి అవ్వ ముందు నిలబడ్డాడు. ఇంతసేపటికి అతని నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇదే.

"అవ్వా, నాకు ఒక్కతే సెల్లె. గా ఒక్కదానితోనే గిన్ని తిప్పలు. ఎనిమిదిమంది ఉంటె నేను ఎప్పుడో ఊరు ఇడిసిపోదును."

అవ్వ కళ్లు తుడుచుకుని అతన్ని ఆ రోజు మొదటిసారి సరిగ్గా చూసింది.

"నిన్న రాత్రి మా పోరికి గదే చెప్పిన కొడుకా. ఎనిమిదిమంది ఆడబిడ్డలున్న ఇల్లు, వద్దు బిడ్డా, నీ పానం తీస్తరు అన్న. ఏమన్నదో ఎరుకేనా? ఎనిమిదిమంది ఉంటె ఉండనియ్యి అవ్వా, ఒక్కొక్కరికి ఒక్కో పని చెప్త, ఆ మంచిగున్న మైకునే బాగుచేసే పిలగాడే కావాలె అన్నది. ఇగ చేసేదేముందని ఆ ఎనిమిదిమంది మొకాలెట్లున్నయో సూద్దామని వచ్చిన."

అన్న చెవులు ఎర్రబడ్డాయి. గోధుమ రంగు మనిషైతేనే చెవులు అంత ఎర్రగా కనబడతాయని అమ్మ ఇప్పటికీ దాన్ని సాక్ష్యంగా చెబుతుంది. పెరట్లోకి వెళ్లి జామచెట్టు దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. చాలాసేపు లోపలికి రాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇన్ని ఆదివారాలుగా ఆ మైకు బాగానే ఉందని ఆమెకు మొదటి నుంచీ తెలుసన్నమాట.

వాళ్లు వెళ్లేముందు మామ అట్టపెట్టె విప్పాడు. ఎనిమిది జతల గాజులు, అన్నీ ఒకే కొలత. ఉత్త చేతులతో ఎలా వస్తామని తెచ్చాడట.

"ఏడు జతలు తీస్కపోన్రి మామా," అన్నాను సిగ్గుతో.

"మాది దుకాణం బిడ్డా. ఇచ్చిన సరుకు వాపస్ తీస్కోం. నువ్వే తొడుక్కో, ఎనిమిదిమంది తరఫున."

వాళ్ల బస్సు వెళ్లగానే పర్మిట్‌లో ఐడీ చేర్చాను. తొలగించే మాట చేర్చాను. సేవ్ బటన్ అడుక్కి దించాను. ఎక్కువైన షీబాలను ఒక్కొక్కరినీ తీసేస్తుంటే ఎందుకో చేతులు రాలేదు. ఇంకెవరికైనా ఇలా జరిగిందేమోనని చూస్తే, బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీకి పోయే ఒకాయన ఫోన్ నంబరు దిద్దుకుని ముగ్గురు తమ్ముళ్లను ఆరుగురిని చేసుకున్నాడు. ఆయనకు మాత్రం చెప్పకుండానే సరిచేశాను.

పెళ్లిలో ఎనిమిది జతల గాజులూ వేసుకున్నాను. మోచేతి దాకా వచ్చాయి. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నా చెయ్యి కదిలి గలగలమన్నాయి. పాస్టరుగారు ఒక కన్ను తెరిచి నన్ను చూసి, మళ్లీ మూసుకుని, ఆశీర్వాదం కొంచెం పొడిగించారు. అవ్వ ముందు వరసలో కూర్చుని, "పెద్ద షీబా, నడిపి షీబా, సిన్న షీబా, అందరొచ్చిన్రు," అని పక్కవాళ్లకు వినబడేలా అంది.

ఇప్పుడు ఆ క్వార్టరులో వేరేవాళ్లుంటున్నారు. బాపు రిటైరయ్యాక గోదావరిఖనిలో ఇల్లు కట్టుకున్నాడు. అవ్వ పోయి కొన్నేళ్లయింది. అప్పుడప్పుడూ కాలనీ మీదుగా వెళ్తే బస్సులోంచి ఆ జామచెట్టు కనబడుతుంది. ఆ చిన్న ముందుగదిలో అంతమందిమి ఒక్కసారిగా నవ్విన నవ్వు నాకు ఇంకెక్కడా దొరకలేదు. అవ్వను తలుచుకుంటే నాకు ఇప్పటికీ బెంగగా ఉంటుంది. వదిన మాత్రం నేను ఫోన్ చేసిన ప్రతిసారీ, "ఎన్నో షీబావు?" అనే మొదలుపెడుతుంది. నేను ఒకటోదాన్నే అంటేనే ఇంటి సంగతులు చెబుతుంది.

ఇక నా ప్రమాణం వినండి. బాపు డ్యూటీ బిళ్ల సాక్షిగా, పగిలిపోగా మిగిలిన ఆ గాజుల సాక్షిగా, నా ప్రాణమున్నంత వరకు నంబరు లేని మనిషిని ఏ గేటూ దాటనివ్వను.

ఆ మాట తప్పలేదు కూడా. వదినకు కూతురు పుట్టిన రోజు దవాఖానలో మొదట నేనే ఎత్తుకున్నాను. పాప మణికట్టు చూశాను. ఖాళీగా ఉంది.

"సిస్టర్, నంబరు చీటీ కట్టలేదేంది?"

"ఈరోజు పుట్టింది మీ పాప ఒక్కతే గదమ్మా. మారిపోవుడేం ఉండదు. ఎందుకు ఫికర్?"

"మారిపోతదని కాదు సిస్టర్," అన్నాను. "జల్ది కట్టుండ్రి. లేకపోతె పొద్దుగూకేలోపట ఇద్దరైతరు."